నెత్తికి నచ్చాకే చెవికి



అరకిలోకు పైబడ్డ బరువును నెత్తిన పెట్టుకుని రెండు గంటలు కూర్చోమంటే ఇదేం శిక్ష అంటాం. పాటల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం వేలకు వేలు పోసి ఆ శిక్షను కొనుక్కుంటారు. పైగా మురిసిపోతారు. నేను చెబుతున్నది ఓపెన్ బ్యాక్ ప్లానార్ హెడ్‌ఫోన్ల సంగతి. వాటిని ఎలా ఎంచుకోవాలో, కొన్నాక మన తలకూ చెవికీ తగ్గట్టు ఎలా సరిచేసుకోవాలో ఇవాళ కాసేపు మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దుకాణంలో అందరూ అడిగేది శబ్దం ఎలా ఉంటుందనే. బరువు, బిగువు, మెత్తలు తర్వాత సర్దుకోవచ్చులే అనుకుంటారు. ఈ రకం హెడ్‌ఫోన్లలో సుఖాన్నీ శబ్దాన్నీ విడదీయడానికి వీల్లేదు. చెవి చుట్టూ ఆనే మెత్త ఎంత మందం, తోలా గుడ్డా, ఎంత గట్టిగా ఆనుతోంది అన్నదాన్ని బట్టి బాస్ మారుతుంది, ట్రెబుల్ మారుతుంది. నొప్పి తగ్గిద్దామని మెత్త మార్చినవాడు తనకు తెలియకుండానే పాటను కూడా మారుస్తాడు. అందుకే మొదట నెత్తికి నచ్చిందా లేదా చూసుకోండి, చెవి సంగతి ఆ తర్వాత.

ఇంతకీ ప్లానార్ అంటే ఏమిటి? మనం మామూలుగా వాడే హెడ్‌ఫోన్‌లో ఒక చిన్న స్పీకర్ ఉంటుంది. పొర, దానికి అంటించిన తీగచుట్ట, వెనక అయస్కాంతం. కరెంటు తీగచుట్టను కదిపితే అది పొరను కదుపుతుంది. ప్లానార్‌లో తీగచుట్ట విడిగా ఉండదు. చాలా పల్చని ప్లాస్టిక్ పొర మీదే లోహపు గీతలు అటూ ఇటూ పరిచి ఉంటాయి. ఆ పొరకు ఒకవైపో, రెండువైపులానో అయస్కాంతపు బద్దలు వరసగా అమర్చి ఉంటాయి. పాట తాలూకు కరెంటు గీతల్లో పారగానే పొర దాదాపు మొత్తంగా ఒక్కసారే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దుప్పటిని ఒక్కడే నడిమధ్యన పట్టుకుని దులపడానికీ, నలుగురు నాలుగు కొసలూ పట్టుకుని దులపడానికీ ఉన్న తేడా అన్నమాట. పొర మెలికలు పడదు కాబట్టి, బాస్ గట్టిగా మోగుతున్నప్పుడు కూడా స్వరం చెదరదు. కొందరు దీన్ని ‘వేగం’ అంటారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. చాలాసార్లు వేగం అని మనం పొరపడేది కాస్త ఎక్కువైన ట్రెబుల్‌నే.

ఇక ఓపెన్ బ్యాక్ అంటే కప్పు వెనక మూత ఉండదు, జాలీ ఉంటుంది. పొర వెనకవైపు పుట్టిన శబ్దం మూతకు తగిలి తిరిగి రాకుండా బయటికి వెళ్లిపోతుంది. అందుకే పాట పుర్రెలో ఇరుక్కున్నట్టు కాక కొంచెం విశాలంగా వినిపిస్తుంది. బయటి గోల లోపలికి వస్తుంది, లోపలి పాట పక్కవాళ్లకు వినిపిస్తుంది. బస్సులో, హాస్టల్ గదిలో ఇవి పనికిరావు.

వెనక మూత లేకపోవడం కొత్త సంగతేమీ కాదు. జర్మనీ కంపెనీ సెన్‌హైజర్ 1968లోనే స్పాంజి మెత్తలతో హెచ్‌డీ 414 తెచ్చింది. ప్లానార్ల వరకు చూస్తే, జపాన్‌లో యమహా 1976లో హెచ్‌పీ-1 అనే మోడల్ అమ్మకానికి పెట్టింది. దాని రూపం గీసింది ఇటలీ డిజైనర్ మారియో బెల్లీని. దాని బొమ్మ దొరికితే తప్పక చూడండి. పైన లోహపు కమాను, దాని కింద నెత్తికి ఆనే విడి పట్టీ. కమాను పని కప్పుల్ని చెవులకు అదమడం, పట్టీ పని బరువు మోయడం. ఇవాళ ఖరీదైన మోడళ్లు సస్పెన్షన్ హెడ్‌బ్యాండ్ అని గొప్పగా చెప్పుకునేది ఇదే. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్లానార్లు మూలన పడ్డాయి. జపాన్‌లోనే ఫాస్టెక్స్ కంపెనీ స్టూడియోల కోసం చేస్తూ వాటి ఊపిరి నిలబెట్టింది. 2009 ప్రాంతంలో ఆడెజ్, హైఫైమ్యాన్ కంపెనీలు రంగంలోకి దిగాక మళ్లీ వెలుగు వచ్చింది. 2023లో ఆ ఆడెజ్‌ను సోనీ వాళ్ల ప్లేస్టేషన్ విభాగం కొనేసింది కూడా.

అయస్కాంతాలు వరసలుగా పేరిస్తే బరువు పెరగక తప్పదు. తీగచుట్ట రకానికి చెందిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 బరువు 260 గ్రాములు. ప్లానార్లలో అందుబాటు ధరకు దొరికే హైఫైమ్యాన్ సుందర 372 గ్రాములు, హెచ్‌ఈ400ఎస్ఈ 390, ఎడిషన్ ఎక్స్ఎస్ 405. ఆడెజ్ ఎల్‌సీడీ-ఎక్స్ అయితే 612. నా లెక్కలో 400 గ్రాముల దగ్గర ఒక గీత గీసుకోవాలి. అది దాటిన ఏ మోడల్‌నైనా ముప్పావుగంట తలకు పెట్టుకుని చూడనిదే కొనకూడదు. మొదటి పది నిమిషాలు అన్నీ హాయిగానే ఉంటాయి. దుకాణాల్లో వినిపించేది ఆ పది నిమిషాలే.

పెట్టుకున్నాక పాట పెట్టకండి, కాసేపు ఊరికే ఉండండి. కిందికి వంగి చెప్పులు సర్దుకోండి. జారుతోందా? నడినెత్తిన ఒక్కచోటే నొక్కుతోందా? చెవి డొప్ప మొత్తం కప్పులో ఇమిడిందా, లేక అంచు లోపలి జాలీ గుడ్డకు తగులుతోందా? తర్వాత చెవి తమ్మె కింద, దవడ మొదలయ్యే చోట వేలు పెట్టి చూడండి. మెత్తకూ చర్మానికీ మధ్య వేలు దూరిందంటే అక్కడ గాలి పోతోందన్నమాట. సుందర లాంటి మోడళ్లలో కప్పులు పక్కకు తిరగవు. కొందరి తలలకు అవి అతికినట్టు సరిపోతాయి, కొందరికి కింద సందు మిగులుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, తలలు అలా ఉంటాయి.

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో ఇంటి నుంచే పని చేసుకుంటాడు. రివ్యూలు చదివి ఒక బరువైన ప్లానార్ కొన్నాడు, ఆరొందల గ్రాములకు పైమాటే. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. “బాబాయ్, పాట అద్భుతం. నెత్తి మీదే ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నట్టుంది” అన్నాడు. వెళ్లి చూస్తే పట్టీకి దళసరి స్పాంజి ఉంది, తోలూ మెత్తగానే ఉంది. చిక్కు స్పాంజిలో లేదు. పట్టీ వంపు ఒక తీరు, వాడి నెత్తి వంపు ఇంకో తీరు. బరువంతా రెండు వేళ్ల మేర చోట దిగుతోంది. స్పాంజి ఎంత దట్టించినా అది తీరేది కాదు. సందు చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లి, ఆరు సెంటీమీటర్ల వెడల్పున పల్చటి తోలు పట్టీ కోయించి, రెండు కొసలా ప్రెస్ బటన్లు వేయించాం. “కుక్క బెల్టా సార్?” అని అడిగాడాయన. మావాడి మొహం చూడాలి అప్పుడు. ఆ పట్టీని అసలు కమాను కింద ఊయలలా వదులుగా వేలాడదీశాం. బరువు నెత్తంతా పరుచుకుంది, పోటు తగ్గింది.

అయితే పాట పెట్టగానే వాడు మొహం చిట్లించాడు. గొంతు పల్చబడింది, బాస్ తగ్గింది. కొత్త పట్టీ మొత్తం హెడ్‌ఫోన్‌ను వేలెడు పైకి ఎత్తేసింది. కప్పులు పైకి జరిగాయి, చెవి తమ్మె కింద సందు ఏర్పడింది. రెండువైపులా కప్పుల్ని రెండేసి గాట్లు కిందికి దించాక పాట మళ్లీ దారికొచ్చింది. సుఖం, శబ్దం విడదీయలేమని మొదట్లో అన్నది ఇందుకే.

ఆ సందు సంగతి ఇంకొంచెం చూద్దాం. పొర ముందుభాగంలో, చెవి చుట్టూ, కాస్త గాలి బంధించి ఉండాలి. మెత్త చర్మానికి చుట్టూ సరిగ్గా అంటుకుంటేనే లోతైన బాస్ చెవికి చేరుతుంది. ఎక్కడైనా సందు ఉంటే ముందుగా ఎగిరిపోయేది అదే. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇది నిత్యం ఉన్న గొడవ. లావుపాటి కాడల ఫ్రేము మెత్తను ఎత్తిపట్టి, చెవికి ముందూ వెనకా సందు చేస్తుంది. పాట వినడానికి విడిగా సన్నటి లోహపు కాడల కళ్లజోడు పెట్టుకుంటే, కొత్త యాంప్లిఫయర్ కొన్నదానికంటే ఎక్కువ తేడా తెలుస్తుంది. జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్లు చెవి చుట్టూ ఉన్నదాన్ని వెనక్కి తోసుకుని మరీ పెట్టుకోవాలి.

దీన్ని పరీక్షించడం సులువు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా వేసుకుని 40 హెర్ట్జ్ స్వరం సన్నగా మోగించండి. రెండు అరచేతులతో కప్పుల్ని మెల్లగా తలవైపు అదమండి. స్వరం ఒక్కసారిగా పెరిగిందంటే మామూలుగా పెట్టుకున్నప్పుడు గాలి పోతోందని అర్థం. మెల్లగా అని ఎందుకంటున్నానంటే, గబుక్కున నొక్కితే లోపలి గాలి వెళ్లి పల్చటి పొరను తోస్తుంది. చిటపటమని చప్పుడు వస్తుంది, పొరకు అంత మంచిది కాదు.

మెత్తలు మార్చుకోవడం ఇందులో అసలు రుచి. ఆడెజ్ ఎల్‌సీడీ వరసలో మెత్తలు జిగురుతో అంటించి ఉంటాయి, ఊడదీయడం ఓపికతో కూడిన పని. హైఫైమ్యాన్ వాటిలో చాలావాటికి మెత్త వెనక ప్లాస్టిక్ చట్రం, దానికి చిన్న చిన్న పళ్లు ఉంటాయి. కప్పు అంచుకూ మెత్తకూ మధ్య గోరు దూర్చి, ఒక్కో పన్నునూ టక్ టక్ మని వదిలించుకుంటూ చుట్టూ రావాలి. ఒకేచోట లాగితే పళ్లు విరుగుతాయి. కొత్త మెత్త ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా ఉంటే మందంగా ఉన్నవైపు చెవి వెనక్కి రావాలి. పొర అప్పుడు చెవి డొప్పకు సమాంతరంగా, కాస్త ముందు నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. తిరగేసి పెట్టి, పాడైపోయిందని కంగారుపడేవాళ్లు ఎక్కువే.

తోలు మెత్త గాలిని బాగా బంధిస్తుంది, సాధారణంగా బాస్ నిండుగా ఉంటుంది, మన ఎండలకు చెవులు మాత్రం ఉడికిపోతాయి. వెల్వెట్ తరహా గుడ్డ మెత్త చల్లగా ఉంటుంది, గాలి దాని గుండా కొంత పోతుంది కాబట్టి బాస్ కాస్త తగ్గుతుంది. ముఖానికి ఆనే వైపు గుడ్డ, పక్కల తోలు కలిపి కుట్టిన మెత్తలు మన వాతావరణానికి మధ్యేమార్గం. లోపలి గోడకు చిల్లులున్న మెత్తలు మరో దారి. మెత్త మరీ మందమైతే చెవికీ పొరకూ దూరం పెరిగి పాట విశాలంగా అనిపించొచ్చు, గాయకుడు మాత్రం నాలుగడుగులు వెనక్కి వెళ్తాడు. దవడ దగ్గర సందు ఒక్కటే సమస్య అయితే మెత్త మార్చనక్కర్లేదు. ఆ మూల చట్రం కింద సన్నటి స్పాంజి ముక్క దూర్చితే మెత్త అక్కడ కాస్త లేచి చర్మాన్ని అందుకుంటుంది. పైసా ఖర్చు లేదు, నచ్చకపోతే తీసేయొచ్చు.

ఇలాంటి చిల్లర పనుల నుంచి కంపెనీలే పుట్టాయి. ఫాస్టెక్స్ వాళ్ల టీ50ఆర్‌పీ అని ఒక చవక ప్లానార్ ఉంది, పూర్తిగా కాకుండా సగం తెరిచిన రకం. ప్రపంచం నలుమూలలా ఔత్సాహికులు దాన్ని విప్పి, కప్పు లోపల ఉన్ని గుడ్డ పరిచి, దూది కూరి, బంకమట్టి అతికించి, మెత్తలు మార్చి రకరకాల శబ్దాలు తీశారు. అమెరికాలో డాన్ క్లార్క్ అనే ఆయన అలా మార్చిన వాటిని మ్యాడ్ డాగ్ పేరుతో అమ్మడం మొదలుపెట్టి, తర్వాత త్రీడీ ప్రింటర్‌తో సొంత కప్పులే పోశాడు. ఇవాళ ఆయన పేరుతోనే ఒక హెడ్‌ఫోన్ కంపెనీ ఉంది. జడ్‌ఎంఎఫ్ అనే మరో కంపెనీ కూడా టీ50ఆర్‌పీ విప్పడంతోనే మొదలైంది. మీరూ విప్పండి అని నేను చెప్పడం లేదు. వారంటీ ఉన్నన్నాళ్లూ స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి. మెత్తలు, పట్టీ, కేబుల్ వరకు మీ ఇష్టం.

యాంప్లిఫయర్ గురించి భయపెట్టేవాళ్లు చాలామంది. ఆ భయానికి మూలం హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 అనుకుంటాను. దాని సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ పవర్‌కు పుట్టే శబ్దం, 83.5 డెసిబెల్‌లు మాత్రమే. స్పీకర్లకు పెట్టే యాంప్లిఫయర్ తెచ్చి దీనికి తగిలించినవాళ్లున్నారు. ఇప్పటి సుందర 94 డెసిబెల్‌లు. పది డెసిబెల్‌లు పెరిగితే అదే శబ్దానికి పదోవంతు పవర్ చాలు. సుందర ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అది ఇచ్చే నిరోధం, 37 ఓమ్‌లు. ఫోన్‌కు తగిలించే, ఒక వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ దానికి సుమారు 27 మిల్లీవాట్లు ఇస్తుంది. ఒక మిల్లీవాట్‌కు 94 లెక్కన వేసుకుంటే కాగితం మీద 108 డెసిబెల్‌ల దాకా వెళ్తుంది. వినడానికి అది చాలా ఎక్కువ. ఈక్వలైజర్‌తో బాస్ పెంచుకునేవాళ్లకు ఇంకొంచెం పవర్ ఉంటే మంచిదే. అంతకుమించి వాల్వుల యాంప్లిఫయర్, వెండి తీగల కేబుల్ అంటూ వెళ్లొద్దు. ప్లానార్ల ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల యాంప్లిఫయర్ మారినంత మాత్రాన స్వరం రంగు మారడం వీటిలో తక్కువ.

డబ్బు పెట్టకుండా శబ్దాన్ని మార్చేది ఈక్వలైజర్. హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ చాలామంది శ్రోతలతో ప్రయోగాలు చేశారు. మంచి గదిలో మంచి స్పీకర్లు వినిపించే తీరుకు దగ్గరగా ఉన్న హెడ్‌ఫోన్‌లనే ఎక్కువమంది ఇష్టపడతారని తేల్చారు. అలా వినిపించాలంటే బాస్ కొంచెం ఎత్తుగా ఉండాలి. ఓపెన్ ప్లానార్లు బాస్‌ను లోతుదాకా దించుతాయి గానీ ఎత్తవు. బతుకమ్మ డీజే మోత అలవాటైన చెవికి మొదట చప్పగా తోస్తాయి. విండోస్ కంప్యూటర్ ఉంటే ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని 100 హెర్ట్జ్ కింద నాలుగు డెసిబెల్‌లు పెంచి చూడండి. ప్లానార్ పొర దాన్ని గొణగకుండా భరిస్తుంది. పెంచిన ఆ నాలుగూ అదే సాఫ్ట్‌వేర్‌లోని ప్రీయాంప్ దగ్గర ముందే తగ్గించుకోవాలి, లేదంటే శబ్దం పగులుతుంది.

హైఫైమ్యాన్ మోడళ్లు చాలావాటిలో 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల చిన్న పల్లం ఉంటుంది. వేదిక విశాలంగా అనిపించడానికి అదొక కారణం. బాలమురళీకృష్ణ మంద్రంలో పాడుతున్నప్పుడు దానివల్ల నష్టం తెలియదు, పదం ఒత్తుల దగ్గర మాత్రం గొంతు కాస్త వెనక్కి తగ్గినట్టు అనిపిస్తుంది. అక్కడ రెండు డెసిబెల్‌లు ఎత్తితే గాయకుడు ముందుకొస్తాడు. ఎంచుకునేటప్పుడు కూడా మీకు కంఠతా వచ్చిన పాటలే వినండి. తంబురా జీవాళి గుమ్మని మోగాలి గానీ బుస కొట్టకూడదు. చిట్టిబాబు వీణలో గమకం సాగుతుంటే తీగ మీద వేలి రాపిడి వినిపించాలి, అదొక్కటే వినిపించకూడదు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ ద్రుతంలో ఒక్కో మీటూ విడివిడిగా తెలియాలి. ఘంటసాల పాత మోనో రికార్డులు మాత్రం ఏ హెడ్‌ఫోన్‌లోనైనా తల నడిమధ్యనే వినిపిస్తాయి. అందుకు హెడ్‌ఫోన్‌ను తిట్టకండి.

ఇక మన ఇళ్ల సంగతి. పైన ఫ్యాను, వంటింట్లో మిక్సీ, కిటికీ బయట హారన్లు. ఓపెన్ బ్యాక్ వాటిని ఆపదు. ఆపదు కదా అని వాల్యూమ్ పెంచుతాం. ప్రమాదం అక్కడుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు. మూడేసి డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి. 86 దగ్గర పది గంటలే మిగులుతాయి. ఫ్యాను స్పీడు ఒక పాయింటు తగ్గించుకోవడం, రాత్రి ఇల్లు సద్దుమణిగాక వినడం మేలు. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది. ఉప్పుగాలికీ చెమటకూ రెక్సిన్ మెత్తలు రెండు మూడేళ్లకే పొట్టు రాలడం మొదలుపెడతాయి. విన్నాక పొడిగుడ్డతో తుడిచి పెట్టుకుంటే కొంత ఆగుతాయి. లోపల బలమైన అయస్కాంతాలున్నాయి కాబట్టి పిన్నీసులు, గుండుసూదులు, ఇనుపరజను ఉన్నచోట అస్సలు పెట్టకండి. జాలీ గుండా లోపలికి దూరిన చిన్న ఇనుప తునక పొరకు తగిలి ప్రతి పాటలోనూ చిరచిరలాడుతూనే ఉంటుంది.

చివరగా ఒక మాట. మెత్తలు మార్చినా, పట్టీ మార్చినా ఒకసారికి ఒకటే మార్చండి, వారం విన్నాకే రెండోదాని జోలికి వెళ్లండి. రెండూ కలిపి మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. కంపెనీతో వచ్చిన అసలు మెత్తల్ని పారేయకండి. ఒక కవర్లో వేసి పెట్టెలో దాచండి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మే రోజున కొనేవాళ్లు మొదట అడిగేది వాటినే.